చెయ్యి వెయ్యొచ్చా అమ్మాయ్?

మొన్న పన్ను చూపించుకోవడానికి మా తాడేపల్లిగూడెంలోనే ఒక డెంటిస్టు దగ్గరికి వెళ్ళాను. కుర్చీ వెనక్కి వాల్చి, నోట్లో చిన్న అద్దం పెట్టి, ఆయన "దవడ కాస్త వదులు చెయ్యండమ్మా" అన్నారు. దవడ వదిలానో లేదో, దాని వెనకే పొట్ట వదులైంది, తొడలు వదులయ్యాయి, ఊపిరి నడుము దాకా దిగిపోయింది. నవ్వొచ్చేసింది. నోట్లో అద్దం ఉండగా నవ్వడం ఎంత కష్టమో నాకు అంతకుముందు తెలియదు.

ఆయన కంగారుగా అద్దం తీసేసి "నొప్పెట్టిందాండీ?" అనడిగారు.

"ఇంకా లేదండి. పెడితే చెప్తాను."

"చెప్పండి, మొహమాటపడకండి. మన వైపు వాళ్ళు పన్ను చేతికి ఊడొచ్చినా పర్లేదండీ అనేస్తారు" అన్నారాయన.

నేనూ అలా అనేదాన్నే. చెప్పడం నాకు నేర్పినావిడ కొన్నేళ్ళ కిందట ఏలూరులో ఉండేవారు. ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఎవరి విషయంలోనైనా అడగకుండా చొరవ తీసుకుంటే ఆవిడకి నచ్చదు. ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారో తెలియదు కనక నేను అడగలేను. కాబట్టి అప్పట్లో మేమంతా పిలిచినట్టే మేడంగారు అంటాను.

ఏలూరులో తివాచీలు నేసే ఒక వీధిలో, మగ్గాల షెడ్డు మీద కట్టిన గది మేడంగారిది. ఆవిడ ఫిజియోథెరపిస్టు. యాభై దాటిన మనిషి, ఎత్తరి, భారీ విగ్రహం. నేత చీర కట్టి, కొంగు బొడ్లో దోపి, చీర కింద తెల్లటి కాన్వాసు బూట్లు వేసుకునేవారు. ఆవిడ నవ్వితే కింద మగ్గాల దగ్గర ముడులు వేస్తున్న ఆడవాళ్ళు చేతులు ఆపి పైకి చూసేవారట. గదిలో ఒక మంచం, తెర అవతల ఒక బెంచీ. మిగతా నేలంతా ఒక పెద్ద తివాచీ. దాని మీద ఒక మూల పువ్వు సగంలో ఆగిపోయి ఉండేది. ఎక్కడో లెక్క తప్పి నేశారని కొన్నవాళ్ళు తిప్పి పంపేస్తే, కింది షెడ్డు ఆయన ఈవిడకి ఇచ్చేశాడు. "పువ్వు తప్పితే మనకేంటి? వీపుకి తెలుస్తుందా?" అనేవారు మేడంగారు, దాని మీద మమ్మల్ని పడుకోబెడుతూ.

ఆవిడ పుట్టింది కొల్లేటి లంకలో. చాలా ఏళ్ళు తమిళనాడులో ఒక మిషన్ ఆసుపత్రిలో బాలింతలకి వ్యాయామాలు నేర్పి, తిరిగొచ్చారు. మాటంతా మన తెలుగే గానీ లెక్క మాత్రం అరవంలో పెట్టేవారు. "పీల్చు... ఒణ్ణు, రెండు, మూణు... వదులు." పెదవేగి నుంచి వచ్చే ఒకామె, పామాయిల్ తోటల్లో గెలలు మోసి మోసి నడుం పట్టేసిన మనిషి, "ఊపిరి తెలుగులో వదిలితే ఊరుకోదాండీ ఈవిడ?" అని నవ్వేది. కొన్నాళ్ళకి ఆమే పామాయిల్ గెలలు ఒణ్ణు, రెండు అని లెక్కపెడుతోందని తోటలో వాళ్ళు ఆటపట్టించారట.

నేను ఆ గదికి వెళ్ళడానికి కారణం కూర్చోలేకపోవడం. అప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. నెలసరి నొప్పి నాకు మొదటి నుంచీ ఎక్కువే. అందరికీ ఉండేదేనని ఇంట్లో అన్నారు, నేనూ అనుకున్నాను. ముందటి ఏడాది పరీక్షల్లో, నాకు అన్నిటికంటే ఇష్టమైన తెలుగు పేపరు రోజున, సగంలో పేపరు ఇచ్చేసి బయటికొచ్చేశాను. బల్ల మీద కూర్చోవడం రాయి మొన మీద కూర్చున్నట్టు ఉంది. ఎందుకు వెళ్ళిపోతున్నావని అడిగితే ఏమీ లేదండి అన్నాను. ఆ తర్వాతే బెజవాడలో పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి లోపల చూశారు. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట కూడా అక్కడక్కడా పెరిగిందనీ, దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారనీ చెప్పి, అందినంత తీసేసి, మాత్రలు ఇచ్చారు. నొప్పి కొంత తగ్గింది. కానీ కూర్చుంటే ఆ రాయి మాత్రం అలాగే ఉంది. "ఇన్నేళ్ళూ నొప్పికి బిగుసుకుని బిగుసుకుని, అడుగు కండరాలు వదలడం మర్చిపోయాయమ్మా" అని ఆ డాక్టరమ్మగారే మేడంగారి దగ్గరికి పంపారు.

పోయినేడు తప్పిన పేపరల్లా ఆ ఒక్కటే. ఈసారీ రాయలేకపోతే చదువు మానమని నాన్న అనరు. మా పెద్దమ్మ అంటుంది, నాన్న ఊరుకుంటారు. మా ఇంట్లో చాలా సంగతులు అలాగే తేలతాయి.

మొదటి రోజు అమ్మా నేనూ గూడెంలో పాసింజరెక్కి వెళ్ళాం. నేను దారంతా తలుపు దగ్గర నిలబడే ఉన్నాను. నాన్న ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా. మా ఇంట్లో ఉతికిన బట్టలకి కూడా ఉల్లి వాసన ఉంటుంది. మెట్లెక్కి గదిలోకి అడుగుపెట్టగానే మేడంగారు గాలి పీల్చి, "గూడెం వచ్చిందే!" అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. "ఉల్లిపాయ కొయ్యకుండా ఏడిపించకూడదు, కూర్చో" అన్నారు. వెంటనే నా మొహం చూసి, "వద్దులే. పడుకో" అన్నారు.

పడుకున్నాక ఆవిడ నా పక్కన నేల మీద చతికిలబడి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అడిగారు. "చెయ్యి వెయ్యొచ్చా అమ్మాయ్?"

నేను తలూపాను. ఆవిడ కదల్లేదు.

"వెయ్యండి మేడంగారూ, దానికి మొహమాటం" అంది అమ్మ.

"పొట్ట అమ్మాయిదండీ. మీరెలా చెప్తారు?" అన్నారు ఆవిడ, మెత్తగానే. మళ్ళీ నా వైపు తిరిగి కూర్చున్నారు. కింద మగ్గాల చప్పుడు వినపడుతోంది. అంతకుముందు ఎంతమంది నా పొట్ట మీద చేతులు వేశారో! డాక్టర్లు, నర్సులు, మంత్రం వేసే ఆయన, మా పెద్దమ్మ. ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకు రాదు కూడా. చివరికి "వెయ్యండి" అన్నాను. గొంతు ఎవరిదోలా వచ్చింది.

ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ అదే. చెయ్యి పొట్ట మీంచి తుంటి దగ్గరికి మార్చాలన్నా మళ్ళీ అడిగేవారు. లోపలి పరీక్ష అని ఒకటి ఉంటుందనీ, నాకది అక్కర్లేదనీ, ఎవరికైనా వాళ్ళు సరేనంటేనే చేస్తాననీ మొదటే చెప్పేశారు. నాకంతా బట్టల మీంచే.

"నడుం ఎముకల మధ్య, అడుగున ఒక ఉట్టి ఉంటుందమ్మాయ్" అని వివరించారు ఆ రోజు. "ముందు ఎముక నుంచి వెనక తోకెముక దాకా కండరాలతో అల్లిన ఉట్టి. గర్భసంచీ, పేగూ, ఉచ్చసంచీ అన్నీ అందులో కూర్చుని ఉంటాయి. ఊపిరి పీలిస్తే ఉట్టి కిందికి జారాలి. వదిలితే పైకి రావాలి. నువ్వేమో పిల్లి తినేస్తుందన్నట్టు ఎప్పుడూ పైకి లాగి పట్టుకున్నావు."

అమ్మ అందుకుంది. "కింద కండరాలు బిగించే వ్యాయామం ఉందని పక్కింటావిడ చెప్పిందండి. అది చేయించనాండీ?"

"అయ్యబాబోయ్! బిగించడంలో మీ అమ్మాయికి ఇప్పుడే డిగ్రీ ఇచ్చేయొచ్చు. ఆ వ్యాయామం వదులైన వాళ్ళకండీ. ఈ అమ్మాయి వదలడం నేర్చుకోవాలి."

"మా తోటికోడలు పెళ్ళయి ఓ బిడ్డ పుడితే అదే పోతుందంటోందండి."

"పుట్టని బిడ్డకి అప్పుడే ఉద్యోగం ఇచ్చేశారాండీ?" అన్నారు మేడంగారు. అమ్మ నవ్వాపుకోలేకపోయింది. అమ్మ అలా నవ్వగా చూసి చాలా రోజులైంది.

"ఈ జబ్బు పోతుందని నేను చెప్పను" అన్నారు తర్వాత. "నొప్పి అప్పుడప్పుడు వస్తుంది. అది వచ్చినప్పుడు నువ్వు కూడా దాంతో చేరి బిగుసుకోకుండా ఉంటే, సగం బరువు దిగుతుంది. అంతవరకూ మనిద్దరం చూసుకుందాం."

ఆవిడ పద్ధతులు తమాషాగా ఉండేవి. మోకాళ్ళ కింద దిండు పెట్టి, పక్కటెముకలు వెడల్పయ్యేలా ఊపిరి తీయించేవారు. గోడకి వీపు ఆనించి గొంతుక్కూర్చోమనేవారు. అన్నిటికంటే ముందు దవడ. "పళ్ళు కరుచుకుని పడుకున్నావంటే కింద కూడా కరుచుకుని ఉన్నట్టే. పై తలుపు తీస్తే కింది తలుపు తీసుకుంటుంది." ఊపిరి వదిలేటప్పుడు పెదాలు మూసి "మ్‌మ్‌మ్" అని మూలగమనేవారు. బుగ్గలు అదరాలి, ఛాతీ అదరాలి. అదురు తుంటి దాకా దిగాలి.

నాకు ఆ మూలుగే రాలేదు. పదిమంది ఉన్న చోట గొంతు విప్పడం నావల్ల కాదు. డైరీలో పేజీలకి పేజీలు రాస్తాను గానీ బయటికి ఒక్క మాట రాదు. మేడంగారు బలవంతపెట్టలేదు. తెర అవతల బెంచీ మీద వరస కోసం కూర్చున్న వాళ్ళతో, "ఊరికే కూర్చునే బదులు మీరూ మొదలుపెట్టండమ్మా" అన్నారు. పెదవేగి ఆమె మొదలుపెట్టింది. ఆమె పక్కన చింతలపూడి నుంచి వచ్చే టీచరుగారు. వాళ్ళ వెనక మా అమ్మ! మేడంగారిది చర్చి క్వైరు గొంతు, అడుగున వెడల్పుగా వినిపించేది. అంతమంది గొంతుల కింద నా గొంతు దాక్కోవడానికి చోటు దొరికింది. నేనూ మూలిగాను. అప్పుడే దబదబా మెట్లెక్కి కింది షెడ్డు ఆయన వచ్చాడు.

"మేడంగారూ! మీ గదిలో మోటారేదో కాలిపోతున్నట్టుందండీ, స్విచ్చి తీసేయండి!"

ఆ రోజు ఆవిడ నవ్విన నవ్వుకి కింద మగ్గాలు ఎంతసేపు ఆగాయో!

ఇంత బాగున్నా నాకు నయం కాలేదు కొన్నాళ్ళు. కారణం మా మర్యాద. వెళ్ళగానే ఆవిడ "తగ్గిందా?" అంటారు, నేను "తగ్గిందండి" అంటాను. పాపం అంత కష్టపడి చేస్తున్నారు, తగ్గలేదంటే ఏం బాగుంటుంది? నేనొక్కదాన్నే కాదు, బెంచీ మీద అందరిదీ అదే మాట. తగ్గిందన్నాను కదా అని ఆవిడ వ్యాయామాలు పెంచారు. పెంచినవి చేస్తే నొప్పి పెరిగింది. పెరిగినా "తగ్గిందండి" అన్నాను.

ఒకరోజు తుంటి పక్కన వేలితో మెల్లిగా నొక్కుతూ "ఇక్కడ నొప్పా?" అన్నారు.

"లేదండి."

ఆవిడ నా మొహం చూడటం మానేసి పాదాల వైపు చూశారు. నా కాలివేళ్ళు రొయ్యల్లా ముడుచుకుని ఉన్నాయి.

"ఇదిగో, ఈ బొటనవేలికి మర్యాద తెలియదు. నిజం చెప్పేస్తోంది" అన్నారు. "అమ్మాయ్, ఇక నుంచి నీ మాట వినను. దీని మాటే వింటాను." అని చెయ్యి తీసేసి, తెర పక్కకి జరిపి అందరికీ వినపడేలా అన్నారు. "నాకు తెలిసిపోయిందర్రా! మీరందరూ తగ్గిందని అబద్ధం చెప్తున్నారు. కాళ్ళు బయటపెట్టండి!" బెంచీ మీద అందరూ చీర కుచ్చెళ్ళలోకి పాదాలు లాక్కున్నారు.

వ్యాయామాలు మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యాయి. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. నేను భయపడ్డాను. ఆవిడ భయపడలేదు. ఆ చలికాలంలో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, అమ్మనీ నన్నూ పెదవేగి ఆమెనీ వాళ్ళ లంకకి తీసుకెళ్ళారు. చేపల చెరువుల గట్ల మీద ఆటో గెంతుతుంటే నేను మోకాళ్ళ మీద నిలబడి ప్రయాణం చేశాను. ఒడ్డున ఆవిడ తమ్ముడు తాటిదోనె పట్టుకుని నిలబడి ఉన్నాడు. తాటిమొద్దుని దొలిచి చేసిన పడవ అది, మనిషి వెడల్పు ఉంటుంది. అడుగున కాళ్ళు చాపుకు కూర్చోవాలి.

"ఎక్కుతావా అమ్మాయ్?"

దోనె చూశాను. నీళ్ళు చూశాను. అంతా నా వైపే చూస్తున్నారు. ఇంత దూరం తీసుకొచ్చారు, ఎక్కనంటే ఏం బాగుంటుంది? నాలుక చివర "ఎక్కుతానండి" సిద్ధంగా ఉంది. ఏమైందో మరి, "వద్దండి. కూర్చోలేను. ఇవాళ నొప్పిగా ఉంది" అన్నాను.

మేడంగారు రెండు చేతులూ పైకెత్తారు. "తమ్ముడూ, విన్నావా? వద్దంది! గూడెం అమ్మాయి వద్దంది!"

"దానికి సంతోషమేంటక్కా?" అన్నాడు అతను తెల్లబోయి.

"నీకు తెలీదులే. తేగలు తీసుకురా."

గట్టు మీద తుంగచాప పరిచి అందరూ తేగలు తిన్నారు. నేను బోర్లా పడుకుని తిన్నాను. ఎవరూ బతిమాలలేదు, ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. దూరంగా గూడబాతులు బరువుగా లేచి, బరువుగా దిగుతున్నాయి. వద్దన్నాక కూడా అందరూ అలాగే ఉన్నారన్నది నాకు ఎంత కొత్తగా ఉందో చెప్పలేను. చేతిలో తేగ అయిపోయాక లేచి, "ఇప్పుడు ఎక్కుతానండి. మధ్యలో దిగాలంటే దింపెయ్యాలి" అన్నాను.

"అడిగినచోట దింపుతాను, మునిగినా సరే" అన్నాడు తమ్ముడుగారు.

కూర్చోగానే దోనె అటూ ఇటూ ఊగింది. "బిగదీసుకోకండి అమ్మాయిగారూ, మీరు బిగిస్తే ఇది ఊగుద్ది" అన్నాడు అతను గెడ వేస్తూ. వెనక గట్టు మీంచి మేడంగారు "దవడ!" అని అరిచారు. వదిలాను. మూలిగాను. ఒడ్డు నుంచి పెదవేగి ఆమె అందుకుంది. దోనె నిదానించింది. కాసేపటికి ఒక గూడబాతు దగ్గరికి వచ్చి సంచిలాంటి గొంతు ఊపుకుంటూ చేప మింగింది. దాన్నే చూస్తూ ఉండిపోయాను. తిరిగి ఒడ్డు చేరాక అమ్మ చెయ్యందిస్తూ "ఇంతసేపు కూర్చున్నావే!" అంటే గానీ కూర్చున్నానన్న సంగతి నాకు గుర్తు రాలేదు.

పరీక్షలు వచ్చాయి. తెలుగు పేపరు రోజు పొద్దున్నే నెలసరి కూడా వచ్చింది. వేడినీళ్ళ బ్యాగు పెట్టుకుని, మాత్ర వేసుకుని, అమ్మ వద్దంటున్నా వెళ్ళాను. మొదట బాగానే రాశాను. ఊపిరి, దవడ, ఉట్టి. ఒణ్ణు, రెండు, మూణు. సగం దాటాక రాయి మొన మళ్ళీ తెలిసింది. పోయినేడు లేచి వెళ్ళిపోయింది సరిగ్గా ఇలాంటప్పుడే. పెదాలు మూసి సన్నగా మూలిగాను. ఇన్విజిలేటరుగారు నా బల్ల దగ్గరికి వచ్చారు. పెద్దాయన, కళ్ళజోడు మీంచి చూశారు.

"ఏమ్మా, పాటలు పాడుతున్నావా?"

హాలంతా తలలు తిప్పింది. నా కాలివేళ్ళు చెప్పుల్లో ముడుచుకున్నాయి. ఏమీ లేదండి అనబోయాను.

"నొప్పండి" అన్నాను. "కూర్చోలేకపోతున్నానండి. కాసేపు నిలబడి రాసుకోవచ్చాండీ?"

"దానికేమమ్మా! ఆ కిటికీ దగ్గర రాసుకో, గట్టు వెడల్పుగా ఉంది" అని నా పేపర్లు ఆయనే తీసుకెళ్ళి అక్కడ పెట్టారు.

అంతే! పోయిన ఏడాది కూడా ఆ కిటికీ అక్కడే ఉంది.

నిలబడి రాశాను. కాసేపు కూర్చుని రాశాను. మళ్ళీ నిలబడ్డాను. చివరి ప్రశ్నకి నాకు వచ్చిందంతా రాసి, కొత్త పేపరు అడిగి మరీ రాశాను. బెల్లు కొట్టాక పేపర్లు దారంతో కట్టి ఇస్తుంటే ఆ పెద్దాయన "బాగా రాసినట్టున్నావే" అన్నారు. "రాశానండి" అన్నాను.

ఇంటికి వెళ్ళలేదు. బయట కాచుకుని ఉన్న అమ్మని గేటు దగ్గర్నుంచే స్టేషనుకి లాక్కెళ్ళి పాసింజరెక్కించాను. ఏలూరులో ఆ మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. గదిలో బెంచీ నిండా జనం. మేడంగారు తివాచీ మీద ఎవరికో అరవంలో ఊపిరి లెక్కపెడుతున్నారు.

"మేడంగారూ! రాసేశాను. మొత్తం రాసేశాను. మధ్యలో నొప్పి వచ్చిందండి. వచ్చిందని చెప్పేశాను. నిలబడి రాసుకుంటానని అడిగాను!" ఇంత గట్టిగా నేను అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. తెర అవతలి వాళ్ళు కూడా లేచి చూశారు.

మేడంగారు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు. కాన్వాసు బూట్లతో రెండడుగులు నా వైపు వేసి, ఆగారు. కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి. రెండు చేతులూ చాచారు.

"అమ్మాయ్, ఒకసారి కావలించుకోవచ్చా?"

"ఆగండి మేడంగారూ, చెమట కారిపోతోంది. ముందు మొహం తుడుచుకోనివ్వండి" అన్నాను.

"తుడుచుకో, తుడుచుకో" అన్నారు ఆవిడ.

నేను ఓణీ చెంగుతో మొహం తుడుచుకున్నాను. మెడ తుడుచుకున్నాను. అమ్మ సిగ్గుపడి "ఏంటే అది, పెద్దావిడని నిలబెట్టి!" అంది. బెంచీ మీద పెదవేగి ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతోంది. అంత మనిషీ, సగంలో ఆగిన పువ్వు మీద, చాచిన చేతులు దించకుండా అలాగే నిలబడి ఉన్నారు, నేను రమ్మనేదాకా.